కొత్త కంప్యూటరొచ్చింది, ఒత్తు పోయింది

ఆవకాయ ఒక జాడీలోంచి ఇంకో జాడీలోకి మార్చేటప్పుడు మీరేం చేస్తారు? కొత్త జాడీ కడిగి, ఎండలో పెట్టి, తడి లేదని చేత్తో తడిమి చూసుకున్నాకే కదా పచ్చడి ఎత్తుతారు! మా ఆఫీసులో కంప్యూటర్లు మార్చినప్పుడు ఆపాటి జాగ్రత్త కూడా మేం తీసుకోలేదు. ఆ సంగతే ఇవాళ మీతో చెప్పుకుందామని.

నా కాపురం హిందూపురంలో. ఉద్యోగం మాత్రం హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మధ్యనే తిరిగింది. పొద్దున్నే పిల్లలకు ఉగ్గాని చేసిపెట్టి, క్యారియరు కట్టుకుని రైలుకు పరుగెత్తడమే ఇన్నేళ్లూ. ఇది ఏ ఊరి ఆఫీసులో జరిగిందో మాత్రం అడక్కండి, చెప్పను.

తెలుగు టైపు మిషను మీద వేళ్లు అరగదీసుకుని ఉద్యోగంలో చేరినదాన్ని నేను. 1998 నవంబరు 4న మన రాష్ట్రంలో 'కార్డ్' అనే పథకం కింద రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లొచ్చాయి. రోజుల తరబడి తిరిగితే గానీ రాని ఈసీ నిమిషాల్లో చేతికిస్తున్నారంటే, 'అది మనదాకా రాదులే' అనుకున్నా. వచ్చింది. తిట్టుకుంటూనే నేర్చుకున్నా.

2020 జనవరి 14తో విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ కంపెనీ అండ ఆగిపోయింది. అంటే కంప్యూటరు ఆగిపోతుందని కాదండీ. దొంగలు దూరే సందు కొత్తగా ఎక్కడైనా బయటపడితే, దాన్ని పూడ్చడానికి ఇక కంపెనీవాళ్లు రారన్నమాట. జనం ఆధార్ నంబర్లూ, బ్యాంకు ఖాతాలూ ఉండే చోట తలుపు అలా వదిలేస్తారా? అందుకని మాకు విండోస్ 10 వేశారు.

శుక్రవారం సాయంత్రం ఒక కుర్రాడొచ్చి, "మేడమ్, ఫైళ్లన్నీ కాపీ చేసేశా, చూసుకోండి" అన్నాడు. రైలు టైమవుతోంది. ఫైళ్ల పేర్లు చూశాను, తెరిచి చూడలేదు. అది నా తప్పే.

సోమవారం పింఛన్ల జాబితా తెరిస్తే గుండె జారిపోయింది. పేర్లు లేవు! ఇంగ్లీషు అక్షరాలూ, డాలరు గుర్తులూ కలగాపులగంగా ఉన్నాయి. ఆ పాత ఫాంట్లలో జరిగేదేమిటంటే, ఇంగ్లీషు అక్షరాల చోట్లలోనే మన తెలుగు బొమ్మలు కూర్చోబెట్టేవారు. మనకు కనిపించేది 'క', కంప్యూటరు దృష్టిలో అది ఏదో ఇంగ్లీషక్షరం. ఫాంటు పోయిందా, ముసుగు తీసినట్టే! యూనికోడ్‌లో అలా కాదు, ప్రతి తెలుగు అక్షరానికీ దాని సొంత నంబరుంటుంది. ఏ కంప్యూటరులో తెరిచినా తెలుగు తెలుగులాగే కనిపిస్తుంది.

పాత ఫాంటు ఎవరి దగ్గరా లేదు. పాత అక్షరాలను కొత్తవాటిగా మార్చే ప్రోగ్రాములుంటాయని నాకు ఆలస్యంగా తెలిసింది. అప్పటికే బీరువాలోని కాగితాలు ముందేసుకుని, జాబితా మొత్తం మళ్లీ టైపు చేసేశాను. కొత్త కీబోర్డు పద్ధతి, రాత్రి ఎనిమిదింటి దాకా పని, ఇంటి దగ్గర మావారు చేసిన ఉప్మా.

నెల తిరగకుండా ఒక అవ్వ వచ్చింది. ధర్మవరం దగ్గర పల్లె, మగ్గం నేసే ఇల్లు. "నా పేరు నాది కాదంట పాపా, నిన్నే అడగమన్నారు" అని కాగితం చాపింది. రేషన్ కార్డులో పేరు చివర 'మ్మ', నేను చేసిన జాబితాలో 'మ'. ఒక్క ఒత్తు! దానికోసం అప్పటికే మూడుసార్లు తిరిగింది, ఛార్జీలకు పక్కింట్లో అప్పు చేసిందట. ఆ నెల పింఛనూ రాలేదు.

"మగ్గం మీద పోగు తెగితే ముడేస్తాం కదా పాపా, దీన్ని ముడెయ్యలేవా?" అంది. కోపంగా కాదు, నిజంగానే అడిగింది. నాకు తలెత్తబుద్ధి కాలేదు. వెంటనే దిద్దాను. కానీ పై ఆఫీసు సంతకానికి ఇంకో పదిహేను రోజులు పట్టింది. ఆ తర్వాత జాబితాలో ప్రతి పేరూ కాగితంతో సరిచూస్తే, ఇలాంటివి ఇంకా నాలుగు దొరికాయి. వాళ్లెవరూ అడగడానికి కూడా రాలేదు చూడండి.

2025 అక్టోబరు 14తో విండోస్ 10 వంతూ అయిపోయింది. విండోస్ 11కు టీపీఎం అనే భద్రతా చిప్ కావాలిట, మా పాత పెట్టెలు కొన్నింటికి అది లేదు. మీ ఇంట్లో పిల్లల కంప్యూటరు మార్చేముందు కూడా ఇది అడిగి తెలుసుకోండి. పెళ్లి ఫొటోలూ, సర్టిఫికెట్లూ రెండు చోట్ల దాచుకుని, దాచినవి తెరిచి మరీ చూడండి.

ఈసారి కూడా ఒక కుర్రాడొచ్చాడు. "అన్నీ కాపీ అయ్యాయి మేడమ్" అన్నాడు. "కూర్చో నాయనా, మజ్జిగ తాగు" అని వాణ్ణి కూర్చోబెట్టి, పింఛన్ల జాబితా తెరిచి అవ్వ పేరు వెతికాను. ఒత్తు ఉంది. రైలు వెళ్లిపోయింది, బస్సుకొచ్చాను.