ఆరు వారాల ఇల్లు

ఆదివారం పొద్దున కొత్తగూడ చౌరస్తా వారంలో మరెప్పుడూ లేనంత ఖాళీగా ఉంటుంది. మిగతా రోజుల్లో సైబర్ టవర్స్ వైపు, గచ్చిబౌలి వైపు కారు వెనక కారు పాకే రోడ్డు మీద ఆ పూట పాలప్యాకెట్ల ఆటోలు, పరుగుకు బయల్దేరిన ఉద్యోగులు, కుక్కలను తిప్పడానికి వచ్చినవాళ్లే కనిపిస్తారు. నేను వెళ్లింది కొండాపూర్ డాగ్ పార్కుకు. ఒకప్పుడు చెత్త పోసిన 1.3 ఎకరాల జాగాను బాగుచేసి జీహెచ్‌ఎంసీ 2018లో దీన్ని తెరిచింది. లోపల లాబ్రడార్లు, షిట్జూలు, బీగిల్స్, వాటితోపాటు మన వీధుల్లో పుట్టిన ఇండీలు పరుగులు పెడుతున్నాయి.

నేను చూడవలసిన కుక్క మాత్రం లోపల లేదు. రోడ్డుకు అవతల, చెట్టు నీడన, ఇద్దరమ్మాయిల మధ్య నిలబడి ఉంది. మూతికి బుట్టలాంటి మజిల్, ఒంటికి హార్నెస్.

“అన్నా, అక్కడనే ఆగు. నువ్వు రాకు, వాడే వస్తడు. కండ్లల్లకు చూడకు, జర పక్కకు తిరిగి నిలబడు,” అంది లీష్ పట్టుకున్న అమ్మాయి.

చెప్పినట్టే నిలబడ్డాను. కాసేపటికి మోకాలి దగ్గర వెచ్చటి ఊపిరి తగిలింది. వాడి పేరు గుండు. తెల్లటి ఒళ్లు, ఎడమ కంటి చుట్టూ గోధుమరంగు మచ్చ, వెడల్పాటి తల. మెడ చుట్టూ రెండు వేళ్ల వెడల్పున వెంట్రుక మొలవని చర్మం పట్టీలా కనిపిస్తోంది. నల్లగండ్లలో కడుతున్న ఒక భవనం వెనక చెట్టుకు కట్టేసి ఎవరో వెళ్లిపోతే, కూలీలు చూసి కబురు చేశారట. గొలుసు చర్మంలోకి దిగిపోయి ఉంది. పిట్‌బుల్ టెర్రియర్ పోలికలు బాగా ఉన్నాయని డాక్టర్లు చెప్పారు.

టెర్రియర్లు బ్రిటన్ పల్లెల్లో ఎలుకలను, నక్కలను బొరియల్లోకి దూరి పట్టడానికి పెంచిన కుక్కలు. చిన్న జంతువు కదిలితే చాలు, ఒళ్లంతా బిగుసుకుంటుంది. ఎద్దుల మీదికి బుల్‌డాగ్‌లను ఉసిగొల్పే వేడుకను అక్కడ 1835లో చట్టం నిషేధించింది. దాంతో జూదగాళ్లు కుక్కల పోటీల వైపు మళ్లారు. బుల్‌డాగ్‌నూ టెర్రియర్‌నూ కలిపి పుట్టించిన జాతులు ఆ పోటీల్లోంచి వచ్చినవే. వాటి వారసులు రెండు శతాబ్దాల తర్వాత తెల్లాపూర్ విల్లాల్లో, కొండాపూర్ ఫ్లాట్లలో పెరుగుతున్నాయి. జాతి పేరు మోజు మీద కొన్నవాళ్లలో చాలామందికి ఈ చరిత్ర తెలియదు. ఏడాది తిరిగేసరికి కుక్క పెరుగుతుంది, లీష్ పట్టే చెయ్యి చాలదు.

2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలకు ఒక లేఖ రాసింది. ప్రమాదకరమంటూ 20కి పైగా జాతులను పేర్కొని, వాటి అమ్మకానికి, పెంపకానికి అనుమతులు ఇవ్వొద్దని, ఇప్పటికే ఇళ్లలో ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలని సూచించింది. ఆ జాబితాలో పిట్‌బుల్ టెర్రియర్ మొదట్లోనే ఉంది. కర్ణాటక హైకోర్టు అదే ఏడాది ఏప్రిల్‌లో ఆ లేఖను కొట్టేసింది. ఢిల్లీ హైకోర్టులోనూ అది నిలవలేదు. “కాగితం పోయింది గానీ భయం పోలేదన్నా. అపార్ట్‌మెంట్ గ్రూపుల్ల ఇప్పటికీ ఆ లిస్టే తిప్పుతున్నరు,” అంది ఆ అమ్మాయి.

ఆమెది సిద్దిపేట. మాదాపూర్‌లో టెస్టింగ్ ఉద్యోగం. పక్కనున్నది రాజమండ్రి అమ్మాయి, రాత్రి షిఫ్టు. ఇద్దరూ కలిసి డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ అద్దెకు తీసుకున్నారు. ఒకరు ఆఫీసుకు వెళ్లేసరికి ఇంకొకరు ఇంట్లో ఉంటారు. ఈ షిఫ్టుల తిప్పలే కుక్కకు కలిసొచ్చాయి: వాడు ఒంటరిగా ఉండే గంటలు చాలా తక్కువ. జంతు సంక్షేమ సంస్థలు కాపాడిన కుక్కను కొన్ని వారాలు ఇంట్లో ఉంచుకుని, ఒళ్లు బాగుచేసి, మనిషి మీద నమ్మకం కుదిర్చి, తగిన ఇంటికి పంపడం వీళ్లు పెట్టుకున్న పని. అందరూ దీన్ని ఫోస్టర్ అనే అంటారు.

ఈ పని ఎందుకు అవసరమో తెలియాలంటే చట్టం సంగతి కొంచెం చెప్పుకోవాలి. వీధికుక్కను పట్టుకుంటే ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, చెవికి గుర్తు పెట్టి, పట్టుకున్న చోటే వదలాలని 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు చెబుతాయి. అంటే వీధికుక్కకు తన గల్లీ ఉంది, అన్నం పెట్టే చేయి ఉంది. పెంచి వదిలేసిన కుక్కకు తిరిగి వెళ్లే చోటంటూ లేదు. గల్లీలోని కుక్కలు దాన్ని రానివ్వవు. చెత్తలో ఏరుకు తినడం దానికి చేతకాదు. ట్రాఫిక్ తెలియదు. పోనీ వదిలేసిన మనిషిని చట్టం పట్టుకుంటుందా అంటే, 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును వదిలేయడం నేరమే. అయితే మొదటిసారి తప్పుకు జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు.

ఇక మిగిలేది షెల్టర్. అక్కినేని అమల సహవ్యవస్థాపకురాలిగా 1992లో మొదలైన బ్లూక్రాస్ ఆఫ్ హైదరాబాద్ లాంటి సంస్థలు ఏళ్ల తరబడి ఈ బరువు మోస్తున్నాయి. కానీ ఎంత మంచి షెల్టరైనా గాయపడ్డవాటితో, జబ్బుపడ్డవాటితో నిండి ఉంటుంది. కుక్కపిల్లలకైతే అక్కడ పార్వో భయం. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది, టీకాలు పూర్తికాని కూనలను రోజుల్లో తీసుకుపోతుంది. గుండులాంటి కుక్కలను పగలూ రాత్రీ చుట్టూ మొరుగుళ్లు కుదురుకోనివ్వవు. గొలుసు గాయం మానుతుంది, బెదురు మానదు. పైగా కోలుకున్న ప్రతి కుక్కా షెల్టర్‌లోనే ఉండిపోతే, రేపు రోడ్డు మీద బండి కింద పడ్డ కుక్కకు చోటెక్కడ?

పార్కు దగ్గర్నుంచి వాళ్ల ఫ్లాటుకు వెళ్లాం. లిఫ్టులోకి వెళ్లేముందు సిద్దిపేట అమ్మాయి ఆగి, లోపలున్న తల్లీపిల్లను దిగనిచ్చింది. పెంపుడు కుక్కలను నిషేధించే అధికారం నివాసుల సంఘాలకు లేదని జంతు సంక్షేమ బోర్డు 2015 ఫిబ్రవరిలో సర్క్యులర్ ఇచ్చింది. ఆ కాగితం ఆమె ఫోన్లో ఉంది. కానీ దాన్ని ఎవరి ముఖం మీదా పెట్టదు. “2023ల అంబర్‌పేటల నాలుగేండ్ల బాబును కుక్కలు చంపినయి. ఆ వీడియో చూసిన తల్లికి నేను రూల్ జెప్పుడేంది? మజిల్ ఏసుకుంట, ఆమె పోయినంక పోత,” అంది. ఆ మాటకు నేను మనసులోనే దండం పెట్టుకున్నాను. కుక్కను ప్రేమించడానికి మనిషి భయాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) దగ్గర కుక్కకాటు సూదికి నిలబడే వరసను చూసిన ఏ నగరవాసికైనా ఆ భయం నిజమని తెలుసు.

ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. ఒక వరసలో తిండి: పొద్దున, రాత్రి, ఉడికించిన చికెన్, అన్నం, గుమ్మడికాయ ముక్కలు, ఉప్పు లేదు, ఉల్లిపాయ అసలే వద్దు. రెండో వరసలో మందులు. గోమార్లు కుట్టి వచ్చే టిక్ ఫీవర్‌తో వాడు వచ్చాడు. ప్లేట్‌లెట్లు పడిపోయాయి, నాలుగు వారాల పాటు మాత్రలు మింగాడు. నేను ఎక్కువసేపు చదివింది మూడో వరస. దాని పైన “భయాలు” అని రాసుంది. హెల్మెట్ పెట్టుకున్న మగవాళ్లు. ఇనుప గొలుసు చప్పుడు. కుక్కర్ మూడో విజిల్ (మొదటి రెండూ ఫర్వాలేదు). చీపురు ఎత్తితే మంచం కిందికి. ఒక్కోదాని పక్కన ఒక్కో తేదీ. కొన్నిటిని ఒక గీతతో కొట్టేశారు: ఆ భయం పోయిందని అర్థం. చీపురు కొట్టేసి ఉంది. గొలుసు ఇంకా లేదు.

కింద మరో రెండు మాటలు ఎర్రసిరాతో ఉన్నాయి: పిల్లులు వద్దు, చిన్న కుక్కలు వద్దు. గుండు మనిషి దగ్గర వెన్న. కానీ మెట్ల మీద పిల్లి కనబడితే వాడి చెవులు వినవు. దాన్ని వీళ్లు దాచరు. అడాప్షన్ పోస్టర్‌లో ముద్దుగా తల పక్కకు వాల్చిన ఫొటో కింద ఆ మాట కూడా రాశారు. ఫోస్టర్ ఇల్లు కుక్కకు చేసే మేలు తిండీ మందులతో ఆగదని నాకు అక్కడ అర్థమైంది. ఇంటి వాతావరణంలో ఉంచి చూసినవాళ్లకే ఆ కుక్క నిజంగా ఏమిటో తెలుస్తుంది. ఆ నిజం ముందే తెలిసిన ఇంటికి వెళ్లిన కుక్క తిరిగి రోడ్డెక్కే అవకాశం తక్కువ.

పోస్టర్ చూసి చాలామంది ఫోన్ చేశారు. ఫామ్‌హౌస్ కాపలాకు కావాలన్నవాళ్లకు ఇవ్వలేదు. పిల్లలు పెట్టించి అమ్ముకోవాలనుకున్నవాళ్లు, ఆపరేషన్ అయిపోయిందని చెప్పగానే మళ్లీ ఫోన్ చేయలేదు. అద్దె ఇంట్లో ఉంటున్న ఒక కుర్రాడు బాగా నచ్చాడట. అయితే ఆరు నెలల్లో ఆన్‌సైట్ పనికి విదేశం వెళ్లాల్సి ఉందని తనే చెప్పాడు. అతణ్ని ఫోస్టర్‌గా మార్చేశారు. ఇప్పుడు అతనింట్లో రెండు ఇండీ కూనలు ఉన్నాయి. చివరికి కుదిరింది తెల్లాపూర్‌లో సొంతిల్లున్న దంపతులు. వాళ్లలో ఒకరి అమ్మ కూడా కలిసే ఉంటారు. వాళ్లు ముందే చాలాసార్లు వచ్చి వాడితో నడిచారు. హోమ్ చెక్‌లో గేటు కింద సందు ఉందని చెబితే, వారంలో ఇనుప పట్టీ వేయించారు.

అప్పగింత ఆ మధ్యాహ్నమే. నేనూ వెంట వెళ్లాను. కారు దిగగానే లోపలికి తీసుకెళ్లలేదు. ముందు కొత్త యజమానులతో కలిపి వీధంతా ఒక చుట్టు తిప్పారు. రెండు లీష్‌లు, ఒకటి హార్నెస్‌కు, ఒకటి కాలర్‌కు: ఒకటి జారినా రెండోది ఉంటుంది. తర్వాత అందరూ కలిసి ఒకేసారి గడప దాటారు. హాల్లో కుర్చీలో పెద్దావిడ కదలకుండా కూర్చున్నారు.

“కరుస్తుందా అమ్మా ఇది?” అని అడిగారు.

“నోరున్న ఏ కుక్కైనా కరవొచ్చు అమ్మమ్మగారూ,” అంది రాజమండ్రి అమ్మాయి. “మీరు పిలవకండి. దానంతటది వస్తే గడ్డం కింద రాయండి, తల మీద చెయ్యి వేయొద్దు. తినేటప్పుడు, పడుకున్నప్పుడు ముట్టుకోవద్దు. మొదటి మూడు రోజులు అసలు లేదనుకోండి.”

మూడు రోజులు బెదురు తీరడానికి, మూడు వారాలు ఇంటి పద్ధతి తెలియడానికి, మూడు నెలలు ఇది నా ఇల్లే అనుకోవడానికి పడుతుందని కుక్కలతో పనిచేసేవాళ్లు లెక్క చెబుతారు. ఆ అమ్మాయిలు ఫ్రిజ్ కాగితాన్ని, టీకాల పుస్తకాన్ని, వాడు పడుకున్న దుప్పటిని ఉతక్కుండా అలాగే ఇచ్చారు. కొత్తింట్లో తెలిసిన వాసన అదొక్కటే. ఒప్పంద పత్రం మీద సంతకాలయ్యాయి. అందులో ఒక షరతు మాత్రం గట్టిగా చదివి వినిపించారు: ఏ కారణం వల్లనైనా ఉంచుకోలేకపోతే ఇంకెవరికీ ఇవ్వొద్దు, మాకే తిరిగివ్వాలి. అర్ధరాత్రి ఫోన్ చేసినా వస్తాం.

లీష్ చేతులు మారింది. సిద్దిపేట అమ్మాయి వంగి, వాడి మెడ మీది ఆ బోడి చర్మాన్ని బొటనవేలితో ఒకసారి రాసి, వెనక్కి తిరక్కుండా బయటికి వచ్చేసింది. కారులో నల్లగండ్ల దాకా ఏడ్చింది. నేను ఏమీ అడగలేదు. తనే అంది: “మా అమ్మ గూడ అంటది, అంత ఏడ్చేదానివి ఉంచుకోరాదే అని. ఉంచుకుంటే వాడొక్కడే బతుకుతడన్నా. గది ఖాళీ అయితెనే ఇంకోటి అస్తది.”

ఈ మాట సైబరాబాద్‌కు బాగా వర్తిస్తుంది. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పటి నుంచి ఈ దారి వెంట స్థిరపడినవాళ్లకన్నా వచ్చి పోయేవాళ్లే ఎక్కువ. ఇల్లు పదకొండు నెలల ఒప్పందం. ప్రాజెక్టు అయిపోతే వేరే ఊరు, వీసా వస్తే వేరే దేశం. కుక్క పన్నెండు, పదమూడేళ్లు బతుకుతుంది. ఈ లెక్కలు కలవకపోయినా కుక్కను తెచ్చుకున్నవాళ్ల వల్లే కొన్ని కుక్కలు చెట్లకు కట్టి కనిపిస్తున్నాయి. ఆ లెక్క తెలుసుకుని, పదేళ్లకు మాటివ్వలేం గానీ ఆరు వారాలకు ఇవ్వగలం అన్నవాళ్ల వల్ల ఆ కుక్కలే బతికి బట్టకడుతున్నాయి. రెండు రకాల మనుషులూ ఒకే బ్లాకులో, ఒకే అద్దెకు ఉంటున్నారు.

2025 ఆగస్టు 17న జీహెచ్‌ఎంసీ బంజారాహిల్స్ జలగం వెంగళరావు పార్కులో ఇండీ కూనల దత్తత మేళా పెట్టింది. అదే నెల 22న సుప్రీంకోర్టు, వీధికుక్కలను దత్తత తీసుకోదలచినవారు మున్సిపాలిటీకి దరఖాస్తు చేసుకోవచ్చని, అవి మళ్లీ వీధిన పడకుండా చూసే బాధ్యత వారిదేనని చెప్పింది. ఆ బాధ్యత నిలబడాలంటే మేళాకు ముందు కొన్ని వారాల ఇల్లు కావాలి. కూనకు టీకాల వరస పూర్తి చేసే ఇల్లు, దాని భయాలు కాగితం మీద రాసే ఇల్లు, ఎవరికి ఇవ్వకూడదో తేల్చే ఇల్లు.

ఇది చదువుతున్న మీరు మాదాపూర్‌లోనో మణికొండలోనో అద్దెకుంటూ, కుక్కంటే ప్రాణమే గానీ మా బతుకుకు కుదరదు అనుకుంటున్నవాళ్లయితే, మీ అనుమానం సబబైనదే. జీవితాంతానికి మాటివ్వకండి. బాల్కనీకి జాలీ వేయించండి, ఇంటి ఓనర్‌తో ముందే మాట్లాడండి, దగ్గర్లోని సంస్థకు ఫోన్ చేసి, ఫలానా తేదీ నుంచి ఆరు వారాలు మా ఇంట్లో ఒక కుక్కకు చోటుందని చెప్పండి. వెళ్లేటప్పుడు ఏడుపొస్తుంది. ఏడుస్తూనే పంపండి, మళ్లీ ఫోన్ చేయండి.