నాలుగో బోల్టు

మా నాన్న అంబాసిడర్ 1984 మోడల్. ధవళేశ్వరంలో మా ఇంటి పక్క రేకుల షెడ్డులో రెండేళ్ళుగా కదలకుండా పడుంది. ఆయనకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయినప్పటినుంచీ దాన్నెవరూ స్టార్టు చెయ్యలేదు. మొన్న సంక్రాంతికి బెంగళూరు నుంచి వెళ్ళినప్పుడు, ఆయన్ని అందులో కూచోబెట్టి, బ్యారేజీ మీదుగా విజ్జేశ్వరం దాకా ఒక్కసారి తిప్పుకు రావాలని నాకు పట్టుదల పుట్టింది. సెలవు ఆరు రోజులు.

వాటర్ పంపు కారుతోంది. ఈ బండి తయారీ 2014లోనే ఆగిపోయినా రాజమండ్రిలో ఓ పాత షాపులో కొత్త పంపు దొరికింది. రేడియేటరు దింపాను. పంపుని ఇంజనుకి పట్టి ఉంచేవి నాలుగు బోల్టులు. మూడు వచ్చాయి. నాలుగోది రాలేదు సరికదా, దాని తలకాయ గుండ్రంగా అరిగిపోయింది.

తప్పు నాదే. నా పానాల సెట్టు ఆన్‌లైన్లో కొన్నది, మిల్లీమీటర్లది. ఈ ఇంజను బ్రిటిష్ మోరిస్ కార్ల వంశానిది, దాని బోల్టులన్నీ అంగుళాల లెక్క. అరంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. దానికి 13 పానా వేస్తే పట్టినట్టే ఉంటుంది. ఆ మిగిలిన 0.3 మిల్లీమీటర్ల సందు వల్ల బలమంతా పలకల మీద కాకుండా మూలల మీద పడుతుంది. తుప్పు గట్టిగా ఉంటే ముందు లొంగేది మూలలే. పౌండ్లకీ న్యూటన్లకీ లెక్క కుదరక 1999లో నాసా వాళ్ళు అంగారకుడి దగ్గర ఒక నౌకనే పోగొట్టుకున్నారని ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకి నేనే చెప్తూంటాను. నాన్న అంగుళాల పానాలు డిక్కీలో గోనెసంచిలో చుట్టి ఉన్నాయి. డిక్కీ తెరిచి చూడాలని తోచలేదు.

రాత్రంతా కిరసనాయిలు పోసి నానబెట్టాను. పొద్దున్నే తలకాయని ఆకురాయితో రెండువేపులా పలకలు తేల్చి, 12 సాకెట్టుని సుత్తితో దిగ్గొట్టి తిప్పాను. సాకెట్టు మళ్ళీ జారింది. ఇంక బోల్టుకి డ్రిల్లు వేసి, ఈజీ ఔట్ దింపి లాగడం ఒక్కటే మిగిలింది. అది గానీ లోపల విరిగితే డ్రిల్లు కూడా దిగదు. గట్టి ఉక్కు. ఇంజను బ్లాకే పాడవుతుంది.

పిర్సిగ్ 1974లో రాసిన మోటార్‌సైకిల్ పుస్తకంలో ఇలాగే ఒక మర ఇరుక్కుపోతుంది. హాస్టల్లో చదివి, ఆ ఘట్టాన్ని తెగ మెచ్చుకుంటూ ఓ సమీక్ష కూడా రాశాను. అలా ఇరుక్కుపోవడమే మంచిది, మనసు ఖాళీ అయి కొత్త దారి కనిపిస్తుంది అంటాడాయన. ఇప్పుడైతే ఆ సమీక్ష అలా రాయను. మూడడుగుల దూరంలో ప్లాస్టిక్ కుర్చీలో నాన్న కూచుని చూస్తూంటే మనసు ఖాళీ అవదు.

నాన్న మాట పూర్తిగా పోలేదు, తారుమారైంది. ఉప్పు కావాలంటే నీళ్ళు అంటారు, అమ్మని అక్కా అంటారు. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన మేష్టారు. తప్పు మాట వచ్చిందని ఆయనకి తెలుస్తుంది, అందుకే మాట్లాడ్డం తగ్గించేశారు. ఆ పొద్దున్న మాత్రం ఒక మాట పట్టుకుని వదల్లేదు.

"బిగించు."

"విప్పుతున్నాను నాన్నా."

"బిగించు."

"అలాగే, విప్పుతాను." చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాను. ఆయన మొహం తిప్పుకున్నారు.

మూడో రోజు మోరంపూడి నుంచి మెకానిక్కుని పిలిచాను, వెల్డింగ్ మిషనుతో సహా. అరవై దాటినాయన. బోల్టు చూసి, నా పానాలు చూసి, ఏమీ అనలేదు. బ్యాటరీ వైర్లు తీసేశాడు. పెట్రోలు గొట్టం మీద తడి గోనె కప్పాడు. అరిగిన తల మీద ఒక పెద్ద నట్టు పెట్టి, దాని మధ్యలో వెల్డింగ్ నింపాడు. ఎర్రగా కాలి, మెల్లిగా నల్లబడేదాకా బీడీ కాల్చుకున్నాడు. తర్వాత పానా పెట్టి కుడివేపుకి తిప్పాడు.

"అటు కాదండీ!" అన్నాను.

"ఆయ్, తెలుసండి. ముందు కాస్త బిగించాలండి. బిగిత్తేనే తుప్పు పట్టు వదులుద్ది. ముందే ఎడంవేపుకి లాగేత్తే మెడకాడ తెగిపోద్దండి. మేష్టారికి తెలుసు కదండీ."

కిర్రుమంది. తర్వాత అటూ ఇటూ కొంచెం కొంచెం ఆడిస్తూ, పది నిమిషాల్లో బయటికి తీశాడు.

నేను నాన్న వేపు చూడలేకపోయాను. బోల్టు చల్లారాక తీసుకెళ్ళి ఆయన ఎడంచేతిలో పెట్టాను. బొటనవేలితో మరలన్నీ తడిమి చూసుకున్నారు.

"నీళ్ళు" అన్నారు.

లేవబోయి ఆగాను. "తాగడానికా, రేడియేటర్లోకా, ఉప్పా?" అని అడిగాను.

ఎడంచెయ్యి ఎత్తి బండి వేపు చూపించారు. ఇంకా కొత్త పంపు బిగించనే లేదు.