బీరువాలో రిపోర్టు

గుండె పగిలిందన్న మాట బి.ఏ. తెలుగు చదివే రోజుల్లో ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. కిడ్నీ పగలడం మాత్రం పోయిన ఏడాదే మొదటిసారి విన్నాను. అదీ మా ఆడబిడ్డకి.

మా వైపు కిడ్నీలో రాళ్లంటే ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోరు. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు, 1991లో, ఇక్కడ పుట్టపర్తిలో సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి మొదలైంది. పైసా తీసుకోకుండా వైద్యం చేస్తారు కాబట్టి, బంధువుల్లో ఎవరికి రాయి ఉందన్నా ముందు మా ఇంటికే ఫోను. అందుకే ధర్మవరం నుంచి మా మేనకోడలు ఫోన్ చేసి "అత్తా, అమ్మకి నడుము పక్కన నొప్పి" అన్నప్పుడు రాయే అనుకున్నాం అందరం. వాళ్లింట్లో అప్పటికే జీలకర్ర నీళ్లు తాగించి, వేడినీళ్ల కాపడం పెట్టారట.

"లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయంట, ఒళ్లంతా చల్లటి చెమట" అంది పిల్ల. రాయి నొప్పికి మనిషి మెలికలు తిరుగుతుంది గానీ ఇలా తెల్లగా పాలిపోదు. వెంటనే 108కి ఫోన్ చెయ్యమన్నాను.

అనంతపురంలో స్కానింగ్ తీస్తే కుడి కిడ్నీ చుట్టూ రక్తం పేరుకుని ఉంది. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "ఎక్కడైనా పడ్డారా, దెబ్బ తగిలిందా?" లేదు. రెండో ప్రశ్న, "ఇంతకు ముందెప్పుడైనా స్కానింగ్ చేయించారా?" మా ఆడబిడ్డ మాట్లాడలేక కూతురి చేయి పట్టుకుని "బీరువాలో... చీరల కింద" అంది.

పక్కింటివాళ్లు వెతికి ఫోటో తీసి పంపారు. రెండేళ్ల కిందటి రిపోర్టు. కుడి కిడ్నీలో 5 సెంటీమీటర్ల గడ్డ అని అందులో స్పష్టంగా ఉంది. ఆ ఏడాదే పెద్దమ్మాయి పెళ్లి పెట్టుకున్నారు. మగ్గం మీద వచ్చే డబ్బు ఎంతో తనకి తెలుసు. నొప్పి లేదు కదా, ముందు పెళ్లి కానీ అనుకుందట. భర్తకి కూడా చెప్పలేదు.

ఆ గడ్డ పేరు యాంజియోమయోలైపోమా. రక్తనాళాలు, కండ, కొవ్వు కలిసిన గడ్డ. క్యాన్సర్ కాదు. ఆడవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. చిన్నదైతే స్కానింగులతో గమనిస్తూ ఉంటే చాలు. 4 సెంటీమీటర్లు దాటితే పగిలే ప్రమాదం పెరుగుతుంది, ఎందుకంటే లోపలి నాళాల గోడలు బలహీనంగా ఉండి బుడగల్లా ఉబ్బుతాయి. గర్భంతో ఉన్నప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

దెబ్బ తగలకుండా కిడ్నీ చుట్టూ ఇలా రక్తస్రావం కావడాన్ని వుండర్లిక్ సిండ్రోమ్ అంటారు. 1856లో దీన్ని వివరించిన జర్మనీ డాక్టరు పేరది. జ్వరాన్ని థర్మామీటరుతో చూసి రాసిపెట్టే పద్ధతిని ఆసుపత్రుల్లో స్థిరపరిచిందీ ఆయనే. ఈ గడ్డే కాకుండా కిడ్నీ క్యాన్సర్, రక్తనాళాల వాపు జబ్బులు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి వచ్చే నీటితిత్తులు, రక్తం పలచబడే మందులు కూడా కారణం కావచ్చు. (అలాగని ఆ మందులు సొంతంగా మానెయ్యకండి.) రాయి దారికి అడ్డుపడి మూత్రం వెనక్కి తన్ని, లోపలి పొర చిరగడం ఇంకో రకం. దానికి స్టెంట్ వేసి మూత్రం దిగే దారి చేస్తారు, చీము ఉంటే యాంటీబయాటిక్స్ ఇస్తారు.

రక్తం కడుపు వెనకాల చేరుతుంది కాబట్టి బయటికేమీ కనబడకపోవచ్చు. మూత్రం కూడా మామూలుగానే ఉండవచ్చు. ఉన్నట్టుండి పక్కనొప్పి, పక్కన గట్టిగా తగిలే వాపు, బీపీ పడిపోవడం, ఈ మూడూ గుర్తులు. మూడూ కలిసే రావాలని లేదు.

సెలైను, రెండు సీసాల రక్తం ఎక్కించి బెంగళూరు పంపారు. నాలుగు గంటల దారి. అన్నయ్య, అంటే వాళ్లాయన, దారి పొడుగునా ఒకటే అడిగాడట: "నాకెందుకు చెప్పలేదే?"

కిడ్నీ తీసేస్తారేమోనని భయపడ్డాం. రక్తం ఆగకపోయినా, క్యాన్సర్ అని తేలినా తీయాల్సి రావచ్చట. మా అదృష్టం, అంత అవసరం రాలేదు. తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, కారుతున్న నాళాన్ని మాత్రం లోపలే మూసేశారు. ఎంబోలైజేషన్ అంటారు. కడుపు కొయ్యలేదు, కిడ్నీ మిగిలింది. ఐదారు రోజులు జ్వరం, నొప్పి ఉన్నాయి. అది మామూలేనన్నారు.

ఖర్చు ఎంతైందో రాయను. రెండేళ్ల ముందు వైద్యం చేయించుకుంటే ఇందులో చాలా భాగం మిగిలేదని మాత్రం అన్నయ్యే లెక్క కట్టి చెప్పాడు. తను తల వంచుకుని "పిల్ల పెళ్లి ఆగిపోతుందని భయమేసింది వదినా" అంది నాతో. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. మన ఇళ్లలో మగవాళ్లకి తలనొప్పి వస్తే ఇల్లంతా లేస్తుంది, ఆడవాళ్ల రిపోర్టు చీరల మడతల్లోకి పోతుంది.

ఇప్పుడు తనకి ఆరు నెలలకోసారి స్కానింగ్. తేదీ క్యాలెండరులో గ్యాస్ బుకింగు పక్కనే పెద్దక్షరాలతో రాసింది అన్నయ్యే. మీ ఇంట్లో కూడా ఇలాంటి కాగితం ఏదైనా చీరల కింద ఉంటే, ఈ పూటే తీసి ఇంట్లోవాళ్ల చేతికివ్వండి. పెళ్లిళ్లు నెల వెనక్కి జరిగినా ఏం కాదు.