శ్రీశైలయాత్ర - నీటిలో నూనె



కార్తికమాసమున శ్రీశైల మల్లికార్జునుని దర్శింపవలెనని మా అత్తగారికి చిరకాలపు మ్రొక్కు కలదు. మోకాళ్ల నొప్పిచే అది ఏటికేడు వాయిదాపడుచుండెను. మా వారు బడిపంతులు. ఏండ్లతరబడి కూడబెట్టిన సొమ్ముతో గతసంవత్సరము చేతులుమారిన డీజిలు కారొకటి కొనిరి. దానిలోనైనను ఆమెను కొండకు చేర్చుదమని ఒక శనివారము వేకువనే ఒంగోలునుండి బయలుదేరితిమి. ఆ యాత్రలో దైవదర్శనముతోపాటు మేము నేర్చికొన్న సంగతి యొకటి మీకును ఉపకరించునని తోచి వ్రాయుచున్నారము.

పొదిలి మీదుగా మార్కాపురము చేరునప్పటికి ఎండ ఎక్కినది. ఈ యూరు పలకలకు పేరుగన్నది. చిన్ననాడు మనము అక్షరములు దిద్దుకొన్న నల్లపలక ఈ నేలలోని ఱాయియే. ఊరివెలుపల ఆ ఱాతితునుకలు గుట్టలుగా పడియుండుట చూచి మా వారు, "మా బడులన్నిటికి పుట్టినిల్లు ఇదియే" అని మురిసిపోయిరి. ఆ మురిపెము ఎంతోసేపు నిలువలేదు. ఇంజనువేడిని దెలుపు ముల్లు నడుమ నుండవలసినది పైపైకి జరుగుచుండెను. ఒక వేపచెట్టు నీడను కారు నిలిపితిమి.

మా వారు తువ్వాలు చేతికి చుట్టుకొని రేడియేటరు మూత విప్పబోయిరి. ప్రక్కనున్న టీకొట్టు ముసలివాడు పరుగున వచ్చి, "అయ్యా, వేడిమీద ముట్టుకోవద్దు. మూత తీస్తే మరిగే నీళ్లు మొగం మీదికి చిమ్ముతాయి" అని ఆపెను. ఆ పుణ్యాత్ముని ఋణము మేము తీర్చుకొనలేము. గంటసేపు చల్లారనిచ్చి చూడగా, చలువనీరు ఆకుపచ్చగా నుండవలసిన డబ్బాలో పాలుపోసిన కాఫీవంటి చిక్కని జిడ్డు కనబడినది.

చుట్టు చేరినవారు, "నీళ్లు పోసుకొని పొండి, కొండమీద చూపించుకోవచ్చు" అనిరి. తల్లి మొగము చూచి మా వారికిని ఆ మాటయే రుచించినది. మేము ఆ జిడ్డును వ్రేళ్లతో నలిపి చూచితిమి. మనము దినదినము నూనెతోను నీటితోను మెలగువారము. నీటిపై నూనె పడిన తేలును. చిలికినగాని అట్లు తెల్లబారి చిక్కబడదు. ఎక్కడనో నూనె నీటిలోనికి దిగుచున్నది, ఇంజను తిరుగుచు దానిని చిలుకుచున్నది. పైన నీరు పోసినంతమాత్రమున అది ఆగునా? నూనె పూసికొన్న గొట్టములు వేడిని సరిగా విడువవు. ముందున్నది దోర్నాల, ఆపై సుమారు 50 కిలోమీటర్ల నల్లమల ఘాటు. పులులు తిరుగు అడవి యగుటచే రాత్రి 9 గంటలు దాటిన ఆ బాటను వాహనములు పోనీయరు. నడిమధ్య ఇంజను పట్టివేసినచో ముసలియామెతో, చిన్నపిల్లతో ఏమి చేయుదుము? ఈ మాట చెప్పగా మా అత్తగారే, "బండి ఆపు నాయనా. మల్లన్న ఎక్కడికీ పోడు" అనిరి.

మొదట చూపిన పనివాడు తొంగిచూచిన తక్షణమే, "హెడ్డు గ్యాస్కెట్టు పోయినది, ఇంజను విప్పవలె" నని రెండునెలల జీతమంత సొమ్ము చెప్పెను. మా వారి మొగము వాడిపోయినది. టీకొట్టు ముసలివాడు చూపిన మఱియొక షెడ్డుకు కారును తాడు కట్టి లాగించితిమి. అచ్చటి వృద్ధుడు తొందరపడలేదు.

"అమ్మా, నూనె నీళ్లలోకి పోయే దారులు ముఖ్యంగా మూడు. ఇంజనుకూ దాని మూతకూ నడుమనుండే గ్యాస్కెట్టు ఒకటి. ఇనుములో పగులు ఒకటి. నూనెను నీళ్లతో చల్లబరిచే ఆయిలు కూలరు ఒకటి. ఏ దారో చూడకుండా కోస్తే రోగమొకటి, మందొకటి" అనెను.

అతడు మొదట ఇంజనునూనెలో ముంచు పుల్లను తీసి తుడిచి చూపెను. నూనె శుభ్రముగా నున్నది, అందు నీటిజాడ లేదు. పొగగొట్టమున తెల్లని పొగ లేదు. నాలుగు సిలిండర్లలోని ఒత్తిడిని మీటరుతో కొలువగా నాలుగును ఇంచుమించు సమముగా నుండెను. గ్యాస్కెట్టు చెడినచో సాధారణముగా వీనిలో ఏదియో యొకటి తప్పునట. పిమ్మట ఆయిలు కూలరును విప్పి, ఒకవైపు బిగించి, రెండవవైపునుండి గాలి నింపి నీటితొట్టిలో ముంచెను. సైకిలు ట్యూబు పంక్చరు వెదకినట్లే! ఒక మూలనుండి బుడగలు వరుసగా లేచినవి. ఇంజను నడుచునప్పుడు నూనెయొత్తిడి నీటియొత్తిడికంటె చాల హెచ్చు గనుక ఆ చిల్లిగుండ నూనెయే నీటిలోనికి పోవుచున్నదట. ఇంజను విప్పు పని తప్పినదని తెలిసి మేమందఱము ఊపిరి పీల్చుకొంటిమి.

క్రొత్త కూలరు విజయవాడనుండి వచ్చుటకు రెండు దినములు పట్టుననగా మేము మరునాడు బస్సులో కొండకు బయలుదేరితిమి. దోర్నాల దాటినంతనే చెట్లు దగ్గరపడి, గాలి చల్లబడినది. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రలో వర్ణించిన యాత్రికులు ఈ కొండలనే కాలినడకను ఎక్కిరిగదా యని తలచుకొన్నప్పుడు మా కష్టము చిన్నదయ్యెను. శిఖరేశ్వరమువద్ద దిగి, ఆచారము చొప్పున నువ్వులు త్రిప్పి, నంది కొమ్ములనడుమనుండి ఆలయశిఖరమును చూచితిమి. మా అత్తగారు నువ్వులు త్రిప్పుచు, "ఈ నూనెకైనా నీళ్ల పొత్తు లేకుండ చూడు స్వామీ" అని అందఱను నవ్వించిరి. ద్వాదశ జ్యోతిర్లింగములలో నొకటి, అష్టాదశ శక్తిపీఠములలో నొకటి ఒక్కచోట నున్న క్షేత్రమిది. మల్లన్న లింగముపై చేయియుంచి ఆమె కన్నీరు పెట్టుకొన్నది చూచి, రెండునాళ్ల ఆందోళనము మఱచితిమి.

తిరిగివచ్చునప్పటికి క్రొత్త కూలరు బిగించియున్నారు. అంతటితో పని తీరినదనుకొంటిమి. వృద్ధుడు నవ్వి, "చిల్లి పూడ్చడం సగమే తల్లీ, కడగడం తక్కిన సగం" అనెను. జిడ్డు వదలుటకు కుంకుడురసము పనికిరాదా యని మేమడిగితిమి. నురుగు లేచునది పోసినచో లోపల గాలి నిలిచి నీరు సరిగా తిరుగదట. అందులకే అమ్ము నురుగురాని మందును నీటిలో కలిపి, ఇంజను వేడెక్కువరకు నడపి, చల్లార్చి, పాఱబోసెను. మొదటి నీరు కాఫీవలె వచ్చినది, రెండవది మజ్జిగతేటవలె వచ్చినది. అయిదవమారు తేటనీరు వచ్చినది. నూనె తగిలి ఉబ్బి మెత్తబడిన రబ్బరు గొట్టములను, మూతను, థర్మోస్టాటును మార్చెను. ఇంజను ఆగినప్పుడు నీరు వెనుకకు నూనెలోనికి దిగియుండవచ్చునని నూనెను, దాని ఫిల్టరును మార్చెను. తుదకు కూలెంటును శుద్ధజలమును సమపాళ్ల పోసి, లోని గాలిని వెడలించెను. మొత్తము ఖర్చు మొదటివాడు చెప్పినదానిలో మూడవవంతు కాలేదు. ఇల్లు చేరిన పిమ్మట వారమువారము డబ్బాను చూచుచున్నారము. నీరు ఆకుపచ్చగానే యున్నది.

కారు పురుషుల సొత్తని మనలో పలువురము దాని మూత ఎత్తియైనను చూడము. దూరప్రయాణమునకు ముందు ఇంజను చల్లగా నున్నప్పుడు చలువనీటి డబ్బాను, నూనెపుల్లను ఒక్కసారి చూచుటకు పప్పు పొంగునంత సేపును పట్టదు. నీటిలో నూనె కనబడెనా, నీరు కలిపి పోనీయకుడు, తొందరపడి ఇంజనును విప్పనీయకుడు. దారి ఎక్కడనో మొదట వెదకించుడు. మా చిన్నది ఇప్పుడు కారెక్కుటకు ముందు, "అమ్మా, కాఫీ ఉన్నదా, పచ్చనీళ్లున్నవా?" అని తానే అడుగుచున్నది.