ఇంజను దించిన చేతులు

మట్టెవాడలో మా వాకిట్లోనే మొన్న మారుతి 800కు ఇంజను మార్చారు. 1983 నుంచి 2014 దాకా తయారై, మధ్యతరగతివారెందరినో కారెక్కించిన బండి అది. మూడు సిలిండర్లు, 796 సి.సి. పిస్టన్ రింగులరిగి, ఆయిలు లోపలే మండి, నీలిపొగ వచ్చేది. తుక్కుకు పోయిన మరో బండి ఇంజను చౌకగా దొరికింది.

మూడు ఇనపగొట్టాలు నిలబెట్టి, గొలుసు కప్పీతో పాతదాన్ని పైకి లాగారు. అసలు విద్య ఆ తర్వాత చూశాను. క్లచ్ ప్లేటు నడిమధ్యన కూర్చోకపోతే గేరుబాక్సు షాఫ్టు అందులో దూరదు. మెకానిక్కు దగ్గర కొలిచే సాధనమేదీ లేదు. అంచు వెంట వేలు తిప్పి, ఒంటికన్నుతో చూసి బిగించాడు. మొదటిసారే షాఫ్టు దూరింది! దీన్ని మనం చేతి అలవాటని కొట్టిపారేస్తాం. కొలత, తర్కం, జ్ఞాపకం కలిస్తే అది ఆలోచన కాదా? బళ్లో పాఠం చెబితేనే ఆలోచనా?

ఇంజను మారిస్తే 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఆ మార్పును రిజిస్ట్రేషను పత్రంలో నమోదు చేయించాలి. అందులో యజమాని పేరుంటుంది, ఇంజను నంబరుంటుంది. బిగించినవాడి పేరుకు గడి లేదు.

కూలి ఎంతంటే, "మీరెంతిస్తే గంతె సార్" అన్నాడు. ఆయన పనికి వెల నేను కట్టాలట! పట్టుబట్టి ఆయన చేతనే అంకె చెప్పించాను.