కడక్ జుబాన్, అసలీ మాల్

మా ఇంట్లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల పాత కారుంది అంటే చాలామంది మాది నవాబుల ఖాందాన్ అనుకుంటారు. అంత లేదు. మా అబ్బా విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్. ఇంగ్లండులో చదువుకొచ్చిన ఒక డాక్టరు సాహెబు ఆ కారుని ఓడ మీద తెచ్చుకున్నారు. ఇక్కడ పార్టులు దొరక్క పరేషాన్ అయిపోయి, చివరికి అబ్బాకి ఇవ్వాల్సిన బాకీ కింద దాన్నే షెడ్డులో వదిలేసి వెళ్లారు. అమ్మీ దానికి ఆ రోజే పేరు పెట్టింది, "మీ అబ్బా రెండో బీబీ" అని.

ఈ కారు 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండులోని కోవెంట్రీలో తయారైంది. అక్కడ 3 లక్షలకు పైగా చేశారు. మన దగ్గర మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టాలి. అయినా ఇన్నేళ్లు నడిచిందంటే కారణం, దానికి ఇక్కడ ఒక రిష్తేదారు ఉండటం. మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ 1961 నుంచి చేసిన స్టాండర్డ్ హెరాల్డ్. రెండు కార్లకీ డిజైన్ గీసింది ఇటలీకి చెందిన జియోవాన్నీ మికెలోట్టి. హెరాల్డ్ చాసిస్‌ని పొట్టి చేసి, దాని మీదే స్పిట్‌ఫైర్‌ని కట్టారు. అలాగని హెరాల్డ్‌ది ప్రతిదీ దీనికి సరిపోదు. మద్రాసు హెరాల్డ్‌కి ఒకటే కార్బురేటర్, మా కారుకి ఎస్‌యూ కంపెనీవి రెండు. కొలత చూడకుండా ఏదీ కొనడానికి లేదు. హెరాల్డ్ తర్వాత వచ్చిన గజెల్ కూడా 1977లో ఆగిపోయింది. అప్పటి నుంచి ఆ ఖాందాన్ సామానంతా కబాడీ దుకాణాల్లోనూ, పోయినవాళ్ల షెడ్లలోనూ ఉంది. అది అమ్మేవాళ్లతో బేరం గురించే ఈ మాటలు.

ముందు ఒక పార్టు గురించి చెప్పాలి. ముందు చక్రం పక్కకి తిరగడానికి కింద ఒక కంచు ముక్క ఉంటుంది, దాన్ని ట్రనియన్ అంటారు. వర్టికల్ లింక్ అనే ఇనుప కడ్డీ చివర మరలు ఉంటాయి, అవి ఆ కంచు లోపల తిరుగుతాయి. అందులో పోయాల్సింది 90 నంబరు గేర్ ఆయిల్. చాలామంది గ్రీజు కొట్టి ఊరుకుంటారు. గ్రీజు లోపలి మరల దాకా సరిగ్గా పోదు. నీళ్లు చేరతాయి, తుప్పు పడుతుంది, ఒకరోజు కడ్డీ విరిగి చక్రం పక్కకి పడిపోతుంది. మావి రెండు వైపులా అరిగిపోయాయి. అబ్బా వేలితో తడిమి, "ఇది ఇంక నడపొద్దు బేటా" అన్నారు. అంటే ఇది షౌక్ విషయం కాదు. ఆ రెండో సీట్లో కూర్చునేది నా కొడుకు.

ట్రనియన్ కొత్తది ఇంగ్లండు నుంచి తెప్పించుకోవచ్చు. నిఖార్సైన పాత కడ్డీ దొరకడమే ముష్కిల్. ఉత్తరాదిలో ఒకాయన తన దగ్గర ఉందన్నాడు. ఎంత మీఠీ జుబాన్! "భాయ్‌జాన్, ఆంఖ్ బంద్ కర్కే లే లో" అన్నాడు. నేను కళ్లు తెరిచే కొంటానని, మరలు దగ్గరగా కనబడేలా, పక్కన స్కేలు పెట్టి ఫొటో పంపమన్నాను. నల్ల పెయింటు మిలమిలా మెరిసే ఫొటో వచ్చింది, మరల మీద గుడ్డ చుట్టి ఉంది. మళ్లీ అడిగితే మా పిల్లల ఖైరియత్ అడిగాడు. మూడోసారి అడిగితే ఇంకొకాయన డబ్బు పట్టుకుని రెడీగా ఉన్నాడు, ఇవాళే పంపాలి అన్నాడు. ఆ ఇంకొకాయనకే ఇచ్చెయ్యండి అని ఖుదా హాఫిజ్ చెప్పాను.

తర్వాత చెన్నై పుదుపేటలో ఒక ముసలాయన ఉన్నాడని తెలిసింది. ఫోన్ చేస్తే మూడు మాటలే. ఫొటో లేదు, రేటు లేదు, పాతది పట్టుకుని రా. ఇంత కడక్ మనిషి దగ్గరికి అంత దూరం ఎందుకని బేగం అంది. అబ్బా మాత్రం, "పాతది తెమ్మన్నాడంటే పని తెలిసినవాడు" అన్నారు. విప్పిన కడ్డీలు రెండూ గోనెసంచిలో చుట్టుకుని పినాకిని ఎక్కాను.

దుకాణం అంటే గుమ్మం దాకా ఇంజన్లు. చాచా స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. సలాం చేస్తే తల ఊపాడు. సంచి విప్పి చూపించగానే ఒకే ప్రశ్న, "ఇస్‌మే క్యా డాల్తే?"

"ఆయిల్, చాచా. 90 నంబరు. గ్రీజు కాదు."

"కౌన్ బోలా?"

"మా అబ్బా. హెరాల్డ్‌ల మిస్త్రీ."

అప్పుడు స్టూలు మీద నుంచి లేచాడు. లోపలి గదిలో నుంచి నూనె గుడ్డలో చుట్టిన రెండు కడ్డీలు తెచ్చాడు. నా వాటి పక్కన పెట్టి, కొలిచి, ఎడమది ఏదో కుడిది ఏదో చూపించాడు. రెండింటి మరలూ ఒకదానికొకటి ఉల్టా తిరుగుతాయి. ఎడమది శుభ్రంగా ఉంది. కుడిదాని మరల దగ్గర చిన్న చిన్న తుప్పు గుంటలు కనబడ్డాయి. రెండూ ఇవ్వండి, ఇంత దూరం వచ్చాను అన్నాను. ఇవ్వనన్నాడు. అడిగినంత ఇస్తానన్నాను. కోపం వచ్చింది ఆయనకి. దీన్ని బిగిస్తే రేపు చక్రం ఊడుతుంది, అప్పుడు నా పేరు చెప్తావు అన్నాడు. ఎడమదానికి చెప్పిన ధరలో ఒక్క రూపాయి తగ్గించలేదు. చాయ్ మాత్రం తెప్పించాడు.

తిరుగు రైల్లో నాకు ఒకటి సమజ్ అయింది. ఈయన మోటు మనిషి కాదు, జాగ్రత్త మనిషి. ఏళ్ల తరబడి వచ్చినవాళ్లలో ఎంతమంది కారు తెలియకుండా బేరం మాత్రమే తెలిసినవాళ్లో! చవగ్గా పట్టుకెళ్లి పదింతలకి అమ్ముకున్నవాళ్లు ఎందరో! ఫోన్‌లో రేటు చెప్పకపోవడం, ఆ ప్రశ్న వెయ్యడం, అన్నీ వాళ్లు నేర్పినవే.

గుంటూరు ఖాలా సంగతి ఇంకా సాఫ్‌గా చెప్తుంది. ఆమె భర్తది హెరాల్డ్‌ల గ్యారేజీ. ఆయన ఇంతెకాల్ అయ్యాక రేకుల షెడ్డుకి తాళం పడింది. నలభై రోజులైనా కాకముందే ఎవరో వచ్చి, "పాత ఇనుమే కదమ్మా" అని మంచి మంచి సామాను ఆటోలో వేసుకుపోయాడట. ఆ తర్వాత అదెంతకి అమ్ముడైందో వీళ్ల చెవిన పడింది. అప్పటి నుంచి ఖాలా ఫోన్ ఎత్తదు. ఎత్తితే కొడుకు ఒక రేటు, ఆమె ఒక రేటు. తలుపు తీస్తే ఏదీ ముట్టుకోనివ్వదు.

నాలుగోసారి వెళ్లినప్పుడు షెడ్డు ఖాళీ చెయ్యాలని కాటా తెప్పించి పెట్టారు. ఇత్తడి ఒక కుప్ప, అల్యూమినియం ఒక కుప్ప. ఆ అల్యూమినియం కుప్పలో జంట ఎస్‌యూ కార్బురేటర్లు కనబడ్డాయి. ఎప్పుడో ఎవరి కారు నుంచో విప్పినవి. కిలోల లెక్కన ఆరు వందలు కూడా కావు. అది మా పెద్దమ్మాయి ఇంజనీరింగ్ ఫీజు కట్టాల్సిన నెల. నోరు మూసుకుని కాటా మీద పెట్టించేస్తే అయిపోయేది, ఎవరూ అడిగేవాళ్లు లేరు. అబ్బాకి ఫోన్ చేశాను. "ఆమె షోహర్ బతికుంటే నువ్వు ఎంత ఇచ్చేవాడివి?" అన్నారు, అంతే.

ఖాలాకి చెప్పాను, ఇవి తూకానికి అమ్మేవి కావు, నేను 18 వేలు ఇస్తాను, సగం ఇప్పుడు, సగం రెండు నెలల తర్వాత అని. ఆమె సంతోషిస్తుందనుకునేరు. కొడుకు ముఖం మారిపోయింది. ఇతనే ఇంత ఇస్తానంటున్నాడంటే అసలు విలువ ఎంతో అని షక్! కాటా వెనక్కి పోయింది, నేనూ ఉత్త చేతులతో వెనక్కి వచ్చాను. నిజం చెప్తే బేరం సులువవుతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

మూడు వారాల తర్వాత ఖాలానే ఫోన్ చేసింది. నలుగురిని అడిగారట. నేను చెప్పిన దానికన్నా ఎక్కువ చెప్పినవాడు లేడు. అదే ధరకి ఇచ్చింది, మిగతా సగం ఉధార్ పెట్టుకుంది. ఆ తర్వాత షెడ్డులో కూర్చోబెట్టి, ఒక్కొక్క సామాను పేరూ, ధరా కాగితం మీద రాయించుకుంది. అందులో నాకు అక్కర్లేనివే ఎక్కువ. ఆ కాగితం ఇప్పుడు వాళ్ల గోడకి ఉంది. ఎవరొచ్చినా అది చూసే అమ్ముతున్నారు.

ఇప్పుడు నేను పార్టు కోసం ఎవరికి ఫోన్ చేసినా "లాస్ట్ ఎంత" అని మొదలుపెట్టను. నా కారు ఏదో, పార్టు ఎక్కడ బిగించాలో, ఎందుకు కావాలో చెప్తాను. పాతది తీసుకొస్తానంటాను. అవతలివాళ్లు కసిరితే ఇంకాసేపు ఆగుతాను. మరీ తియ్యగా మాట్లాడితే స్కేలు పెట్టిన ఫొటో అడుగుతాను. డబ్బు ముందే మొత్తం పంపను, ఇస్తానన్న తారీఖు దాటనివ్వను.

కుడివైపు కడ్డీ ఇంకా దొరకలేదు. కారు జాకీల మీదే ఉంది. అబ్బా రోజూ పొద్దున ఇంజను స్టార్ట్ చేయించి, కొత్తగా బిగించిన జంట కార్బురేటర్ల చప్పుడు కళ్లు మూసుకుని వింటున్నారు. మీ ఖాందాన్‌లో ఎవరికైనా పాత గ్యారేజీ ఉండి, తాళం వేసిన షెడ్డు మిగిలి ఉంటే, కాటావాడిని పిలిచే ముందు నాకో మాట చెప్పండి. నాకు పనికొచ్చేది లేకపోయినా, దేని ధర ఎంతో రాసిచ్చి వస్తాను.