వాకిటి ముందరి వివాదము

పూర్వము ఇరుగుపొరుగు స్త్రీలకు తగవు వచ్చినచో నూతికడనో, కుళాయికడనో, పిల్లల యాటలవలననో వచ్చెడిది. నేడు తగవునకు క్రొత్త స్థానము దొరకినది. అది వాకిటి ముందరి వీథి, మూలము కారు. ఈ విషయమున మాకు గలిగిన యనుభవమును సోదరీమణులకు విన్నవింపదలచితిమి. ఇందు మా గొప్ప యేమియు లేదు; మా తప్పే యెక్కువగా గలదు.

మేమిద్దఱము తోడికోడండ్రము. హైదరాబాదులో నొక పాత పేటలో మాది యుమ్మడి కాపురము. మా వీథి వెడల్పు 16 అడుగులు. ఆ యిండ్లు కట్టిన నాడు అందు తిరుగునవి సైకిళ్ళును, స్కూటర్లును మాత్రమే. 1983వ సంవత్సరాంతమున మారుతి కారు వచ్చిన పిమ్మట క్రమముగా మధ్యతరగతి యిండ్లకు గూడ కార్లు చేరినవి. కార్లు పెరిగినవి గాని వీథులు పెరుగలేదు.

మా ప్రక్కయింటివారు తమ కారు షెడ్డును గదిగా మార్చి యద్దెకిచ్చి, కారును మా గోడప్రక్క నిలుపసాగిరి. ఒక్కొక్కనాడది మా గేటునకు సగము వఱకు అడ్డము వచ్చెడిది. తెల్లవారి ముగ్గు వేయబోవుసరికి చక్రము క్రింద వాకిలి! స్కూటరు వెలికి దీయుటకు మా యింటి పురుషులు ప్రతిదినము అవస్థపడెడివారు. మేము పోయి మంచిమాటగా చెప్పవలసినది. అట్లు చేయక, వినబడునట్లు గొణిగితిమి; పనిమనిషిచేత చెప్పించితిమి. తుదకు నాలుగు పెద్ద రాళ్ళును, రెండు పూలకుండీలును దెప్పించి గోడ పొడవున వరుసగా బెట్టించితిమి. వారు కోపించి కారును వీథి కావలి ప్రక్కకు మార్చిరి. నాటినుండి మాటలు లేవు. శ్రావణమాసమున వాయనములును లేవు. పిల్లలు గూడ గోడమీదుగా పిలుచుకొనుట మానిరి. గోటితో పోవుదానికి గొడ్డలి తెచ్చుట యనగా నిదియే.

ఒకనాటి రాత్రి రెండు గంటలవేళ మా యత్తగారికి ఊపిరాడక ముఖము నల్లబడెను. వెంటనే 108కి ఫోను చేసితిమి. 2005వ సంవత్సరమున నుమ్మడి ఆంధ్రప్రదేశమున మొదలైన యీ బండి ఎందఱి ప్రాణములనో నిలిపినది. మాకొఱకును త్వరగానే వచ్చెను గాని, వీథి మొగను దాటి లోనికి రాలేకపోయెను. లెక్క చూడుడు. గోడకు అడుగు దూరమున నిలిపిన కారు సుమారు 7 అడుగులు తినును. మా రాళ్ళును కుండీలును 3 అడుగులు. 16లో నిక మిగిలినది 6 అడుగులు. ఆ బండి వెడల్పే ఆఱున్నర అడుగులుండును. వారి కారు ఒక్కటియే యున్నచో బండి వచ్చెడిది; మా రాళ్ళొక్కటియే యున్నను వచ్చెడిది. రెండు పట్టుదలలును గలిసి దారిని మూసినవి.

కేకలు విని ప్రక్కయింటి యబ్బాయి పరుగున వచ్చెను. కారు తీయుటకు తాళము వెదకునంత వ్యవధి లేదని, స్ట్రెచరు ఒక కొన తానే పట్టి వీథి మొగవఱకు మోసెను. వాని తల్లి మా పిల్లలను తన యింటికి గొనిపోయి పరుండబెట్టెను. దైవానుగ్రహమున నత్తగారు అయిదవనాటికి తిరిగి వచ్చిరి. గేటు కడ దిగుచునే రాళ్ళను జూచి, “ఆ పిల్లవాడు నన్ను మోసినాడు. వాని కారు మన గోడ నీడను నిలిచిన మనకేమి తరిగినదమ్మా?” అనిరి. మేము తలలెత్తలేకపోతిమి.

నాటి సాయంకాలమే పండ్లు తీసికొని ప్రక్కయింటికి బోయితిమి. ఆమె కన్నీరు పెట్టుకొని, “వదినగారూ, ఒక్కమాట పిలిచి చెప్పియుండిన తీసియుండెడివారము. మీ రాళ్ళు ముందు వచ్చినవి, మాట రాలేదు” అనెను. ఆ మాట నిజము.

పిమ్మట చట్టము నడిగి తెలిసికొంటిమి. ఇంటి ప్రవేశమునకు అడ్డముగా బండి నిలుపరాదని 1989 నాటి రహదారి నిబంధనలలోనే కలదు. 2017లో వాని స్థానమున క్రొత్తవి వచ్చినవి. నిషిద్ధస్థలమున నిలిపిన బండిని తొలగించు నధికారము 1988 మోటారు వాహనముల చట్టము పోలీసులకిచ్చినది. కాని మన గోడ ముందున్నంత మాత్రమున వీథి మనది గాదు. రాకపోకలకు దారి కోరు హక్కు మనకు గలదు. రాళ్ళతో నాక్రమించు హక్కు లేదు. మాటలతో తెగనిచో, ఉభయులును సమ్మతించిన లోక్ అదాలతునకు పోవచ్చును. అచ్చట కోర్టు రుసుము లేదు, ఆ తీర్పుపై నప్పీలును లేదు.

మాకంత దూరము పోవలసిన పని లేకపోయెను. రాళ్ళు తీయించితిమి, కుండీలు మేడపై కెక్కినవి. కార్లన్నియు వీథికి ఒకే ప్రక్కను, గేట్లు వదలి నిలుపవలెనని యనుకొంటిమి. ప్రతివారును ఫోను నంబరు వ్రాసిన చీటీని కారు అద్దముకడ నుంచవలెననియు, అర్ధరాత్రి పిలిచినను విసుగుకొనరాదనియు నిశ్చయించితిమి. ఒక యింటివా రింకను సమ్మతింపలేదు. వారింటికి మఱల పోవుదుము. ఈసారి పనిమనిషిని పంపము.

సోదరీమణులారా, వాకిట కారు కనబడి కోపము వచ్చినపుడు ఆ క్షణముననే పోకుడు. కోపము చల్లారిన పిదప, నలుగురి యెదుట గాక, స్వయముగా బోయి యడుగుడు. వాకిట ముగ్గు రేపైనను వేయవచ్చును. నడిరేయి మంచము మోయు చేతులు మాత్రము ప్రక్కయింటినుండియే రావలయును.